పాస్‌పోర్టు నీ చేతిలోనే ఉండాలి

చిరంజీవి మేనల్లుడికి,

దుబాయి వీసా వచ్చిందనీ, వచ్చే వారం శంషాబాద్‌లో విమానం ఎక్కుతున్నావనీ అక్క నిన్న ఫోనులో చెప్పింది. చాలా సంతోషం. అయితే పాస్‌పోర్టు ఎక్కడుందని అడిగితే, అది ఏజెంటు దగ్గరే ఉందనీ, బయలుదేరే రోజు ఎయిర్‌పోర్టులో ఇస్తానన్నాడనీ అన్నది. ఆ మాట విన్నప్పటి నుంచి నా మనసు కుదుటపడలేదు. ఈ ఉత్తరం అందిన రోజే జడ్చర్ల వెళ్లి దానిని తెచ్చుకో.

తెచ్చుకున్నాక తెరిచి చదువు. ఈ పుస్తకం పట్టుకున్న మనిషిని ఆటంకం లేకుండా పోనివ్వమనీ, అవసరమైన సహాయమూ రక్షణా ఇవ్వమనీ భారత రాష్ట్రపతి పేరిట ఇతర దేశాలను కోరుతూ అచ్చువేసిన మాటలు లోపల కనిపిస్తాయి. మన ఊళ్లో నువ్వెవరివో చెప్పడానికి మీ నాయన పేరు చాలు, హైదరాబాద్‌లో ఆధార్ కార్డు చాలు. కానీ ఆధార్ నీ ఉనికిని చెబుతుందే తప్ప నువ్వు ఏ దేశ పౌరుడివో చెప్పదు. సరిహద్దు దగ్గర అధికారి మొదట తెలుసుకోవాలనుకునేది, ఈ మనిషి ఏ దేశం వాడు, రేపు ఏదైనా జరిగితే ఇతన్ని వెనక్కి తీసుకునే దేశం ఏది అన్న సంగతే. దానికి జవాబు పాస్‌పోర్టు ఒక్కటే. అందుకే 1967 నాటి పాస్‌పోర్టుల చట్టం అది లేకుండా దేశం దాటకూడదని చెబుతుంది. నేపాల్, భూటాన్ వెళ్లే మనవాళ్లకు ఓటరు కార్డుతో పని జరుగుతుంది కానీ, ఆ రెండింటిని చూసి మిగతా దేశాలూ అంతేననుకోకూడదు.

నాతో పనిచేసిన ఒకతను అలాగే అనుకున్నాడు. మేము దుబాయి నుంచి బస్సులో, సరిహద్దు దగ్గరి హత్తా అనే ఊరి మీదుగా, పక్క దేశమైన ఒమాన్ పోతున్నాం. గల్ఫ్ దేశాల పౌరులు గుర్తింపు కార్డు చూపి సరిహద్దు దాటడం అతను చూసి ఉన్నాడు, కాబట్టి తన లేబర్ కార్డు సరిపోతుందనుకుని పాస్‌పోర్టును గదిలోనే వదిలి వచ్చాడు. సరిహద్దు చౌకీలో అతన్ని దింపేశారు. మా బస్సు కదులుతుంటే, ఆ ఎండలో సంచి పట్టుకుని నిలబడి మా వైపే చూస్తున్న అతని ముఖం నాకు ఇప్పటికీ గుర్తే.

నా సంగతి కూడా చెప్పాలి. 1994లో నేను బొంబాయిలో విమానం ఎక్కి వెళ్లినప్పుడు, మొదటి యజమాని మా అందరి పాస్‌పోర్టులూ తీసుకుని ఇనుప బీరువాలో పెట్టాడు. భద్రంగా ఉంటాయి కదా అని నేనూ ఊరుకున్నాను. మూడేళ్లకు మీ తాతయ్య పోయారని కబురు వచ్చింది. ఆ సమయానికి యజమాని వేరే దేశంలో ఉన్నాడు, బీరువా తాళం అతని వెంటే పోయింది. టికెట్టుకు డబ్బులు తోటివాళ్లు సర్దారు కానీ, పాస్‌పోర్టు చేతికి రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. చితికి నిప్పు మా చిన్నాయన పెట్టాడు. నేను ఇల్లు చేరేసరికి దశదిన కర్మ కూడా పూర్తయింది.

అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. పాస్‌పోర్టు భారత ప్రభుత్వ ఆస్తి. దానిని ఏజెంటు గానీ యజమాని గానీ తాకట్టు వస్తువులా దాచుకోవడానికి వీల్లేదు, దుబాయి ఉన్న దేశమైన యూఏఈ చట్టం కూడా దానిని నిషేధించింది. ఎవరైనా అడిగితే జిరాక్సు ఇవ్వు. అసలుది ఇవ్వక తప్పని పని పడితే, ఎందుకు తీసుకుంటున్నారో, ఏ తారీఖున తిరిగి ఇస్తారో కాగితం మీద రాయించుకో.

ప్రయాణం రోజున దానిని సూట్‌కేసులో పెట్టకు. దుబాయిలో దిగాక ముందు పాస్‌పోర్టు, వీసా చూసే ఇమిగ్రేషన్ కౌంటర్ వస్తుంది, సామాను వచ్చే బెల్టు ఆ తర్వాతే. గడువు కనీసం 6 నెలలు మిగిలి ఉందో లేదో, వీసా మీది పేరు పాస్‌పోర్టులో ఉన్నట్లే అక్షరం పొల్లుపోకుండా ఉందో లేదో ఇప్పుడే సరిచూసుకో. ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి ఒకే పేరు ఉంటే విజిట్ వీసా మీద రానివ్వబోమని యూఏఈ 2022లో చెప్పింది. మనవాళ్లలో చాలామంది ఇంటిపేరును ఒక్క అక్షరంతో సరిపెడతారు కాబట్టి, ఏ వీసా అయినా ఆ గడి ఒకసారి చూసుకోవడం మంచిది.

ఒకవేళ పోగొట్టుకుంటే భయపడకు. ముందు పోలీసులకు ఫిర్యాదు చేసి, దుబాయిలో మన ప్రభుత్వ కార్యాలయమైన కాన్సులేట్‌కు వెళ్లు. వెంటనే ఇంటికి రావలసి వస్తే వాళ్లు ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తారు, కానీ అది ఇండియాకు తిరిగి రావడానికే చెల్లుతుంది. పాత నంబరు చెప్పగలిగితే అక్కడ పని సులువవుతుంది.

నడుముకు కట్టుకునే గుడ్డసంచి ఒకటి కుట్టమని అక్కతో చెప్పు. నాకు మా అమ్మ తన పాత చీర కొంగుతో కుట్టి ఇచ్చింది, అక్కకు ఆ కొలత తెలుసు. పాస్‌పోర్టు చేతికి రాగానే నీ ఫోటో ఉన్న పుటనూ, చిరునామా ఉన్న చివరి పుటనూ ఫోనులో తీసి నాకు పంపు. నంబరు నా డైరీలో రాసి పెట్టుకుంటాను.

ఆశీస్సులతో,
మీ మేనమామ