టర్బో బిగించిన కారుకు 255 లీటర్ల పంపు చాలుతుందా?

టర్బో బిగించిన మీ రెండు సీట్ల కారుకు 300 హార్స్‌పవర్ లక్ష్యంగా పెట్టుకున్నామనీ, గంటకు 255 లీటర్ల ఫ్యూయల్ పంపు కొనాలా, ఎలాగూ మారుస్తున్నాం కదా అని 450 లీటర్లదే కొనాలా అనీ అడిగారు. మొదటి తరం మాజ్దా ఎంఎక్స్-5కు టర్బో పెట్టుకుని రెండు పంపులు మార్చిన అనుభవంతో చెబుతున్నాను: 255 సరిపోతుంది, మిగిలే డబ్బు వైరింగుకు ఉంచుకోండి.

పెట్రోలు టర్బో ఇంజనుకు పూర్తి లోడు మీద ఒక్కో హార్స్‌పవర్‌కు గంటకు సుమారు 0.6 పౌండ్ల ఇంధనం కావాలనుకుంటే, 300కు 180 పౌండ్లు, అంటే దాదాపు 82 కిలోలు, లీటర్లలో 110 అవుతుంది. పావు వంతు అదనంగా కలిపినా 140 దాటదు. అయితే పెట్టె మీది 255 అనే అంకె ఏ పీడనం దగ్గర, ఎన్ని వోల్టులకు కొలిచిందో చూడాలి. బూస్ట్‌తో (టర్బో ఇంజనులోకి నెట్టే గాలి అదనపు పీడనంతో) పాటు ఇంధన పీడనాన్ని పెంచే రెగ్యులేటర్ ఉంటే, మామూలుగా 43 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) ఉండే పీడనం 15 పీఎస్ఐ బూస్ట్‌లో 58కి చేరుతుంది, పీడనం పెరిగేకొద్దీ పంపు ఇచ్చే ఇంధనం తగ్గుతుంది. అందుకే తయారీదారు ఇచ్చిన గ్రాఫులో 60 పీఎస్ఐ దగ్గరి అంకె చూసి కొనండి. గ్రాఫే ఇవ్వని పంపు ఎంత చవకైనా నేను ముట్టుకోను.

450 లీటర్ల పంపు అంత ఇంధనం పోస్తుంటే, వాడకుండా మిగిలినదాన్ని వెనక్కి పంపడం పాత రెగ్యులేటర్‌కూ సన్నటి రిటర్న్ లైనుకూ శక్తికి మించిన పని కావచ్చు, అప్పుడు ఐడిల్‌లోనే (కారు కదలకుండా ఇంజను ఊరికే తిరుగుతున్నప్పుడే) పీడనం పెరిగి, గాలిలో ఇంధనం పాలు ఎక్కువై మిశ్రమం చిక్కబడుతుంది. పైగా అది లాగే కరెంటుకు పాత తీగలు చాలవు. మున్ముందు ఇ85 (85 శాతం దాకా ఇథనాల్ కలిసిన పెట్రోలు) వాడే ఆలోచన ఉంటే మాత్రం మూడో వంతు దాకా ఎక్కువ ఇంధనం కావాలి కనుక, ఇథనాల్‌కు తట్టుకునే పెద్ద పంపు గురించి ఆలోచించడం న్యాయమే.

నేను మొదట కొన్నది పేరున్న కంపెనీ ముద్రతో సగం ధరకే దొరికిన పంపు. ఐడిల్‌లో ఏ తేడా లేదు. మూడో గేరులో 12 పీఎస్ఐ బూస్ట్ వచ్చేసరికి, 11.5 దగ్గర ఉండాల్సిన గాలి-ఇంధన నిష్పత్తి 13 దాటడం, అంటే ఇంధనం చాలకపోవడం చూసి వెంటనే యాక్సిలరేటర్ వదిలేశాను. ఇంకొన్ని సెకన్లు తొక్కి ఉంటే పిస్టన్లు కరిగేవేమో. 55 పీఎస్ఐ ఉండాల్సిన ఇంధన పీడనం 50 దగ్గరే ఆగిపోయింది. పంపు బయటికి తీసి చూస్తే, దాని మీది అక్షరాలు గోటితో గీరితేనే రాలిపోయాయి. అమ్మినవారు జవాబే ఇవ్వలేదు.

అసలైన పంపు పెట్టాక కూడా పీడనం 53 దాటకపోవడంతో, పంపు కనెక్టర్ దగ్గర వోల్టేజీ కొలిచాను. బ్యాటరీ దగ్గర 13.8 ఉంటే అక్కడ 11.4 మాత్రమే ఉంది. బ్యాటరీ నుంచి ఫ్యూజుతో లావుపాటి తీగ లాగి, పాత తీగను రిలేను నడపడానికి మాత్రమే ఉంచి, ఎర్తు కూడా కొత్తగా వేశాక 13.4 వచ్చింది, పీడనం 55 దగ్గర కదలకుండా నిలిచింది. మొదటి పంపును ఊరికే తిట్టుకున్నానేమో అన్న అనుమానంతో దాన్ని కూడా ఈ కొత్త వైరింగు మీద పెట్టి చూశాను. అది 52 దగ్గరే చతికిలపడింది.

బిగించేటప్పుడు వడపోత జాలి కొత్తది వేయండి. ట్యాంకు లోపలి గొట్టం పెట్రోలులో మునిగి ఉండేందుకు తయారైన ఎస్ఏఈ జె30ఆర్10 రకమే అయి ఉండాలి. మామూలు ఫ్యూయల్ గొట్టం బయటివైపు నుంచి మెత్తబడి చీలుతుంది, అప్పుడు ఎంత మంచి పంపైనా తోడిన ఇంధనాన్ని మళ్లీ ట్యాంకులోకే పోస్తుంది. లైనులో పీడనం తీసేసి, బ్యాటరీ తీగ విప్పాకే ట్యాంకు మీది పంపు మూత తెరవండి.

ఏ పంపు కొనేముందైనా ఇంజను నడుస్తుండగా పాత పంపు కనెక్టర్ దగ్గర వోల్టేజీ కొలవండి. 12 కన్నా తక్కువ ఉంటే ముందు వైరింగు మార్చి, తక్కువ బూస్ట్‌లో పీడనం ఎంత వస్తుందో చూసి ఇక్కడ రాయండి.