ఒక పిల్లికి అప్పు చేయండి, రెండోదానికి వద్దు

ప్రశ్న: మాది కావలి. నేను ప్రైవేటు కాలేజీ ఆఫీసులో పనిచేస్తాను, జీతం 24 వేలు. మా ఆయన అల్లూరు దగ్గర రొయ్యల చెరువుల మీద సూపర్‌వైజరు, 22 వేలు. పంట బాగా వస్తే ఓనరు పైన కొంత ఇస్తాడు. ఇంటి ఖర్చు 36 వేలు, చీటీ 5 వేలు, మ్యూచువల్ ఫండ్ సిప్ 2 వేలు. ఇంట్లో రెండు పిల్లులున్నాయి. పెద్దదానికి 13 ఏళ్లు, కిడ్నీలు దెబ్బతిన్నాయి. వారానికి మూడుసార్లు క్లినిక్‌లో సెలైన్ పెట్టిస్తున్నాం, వెళ్లినప్పుడల్లా 600. చిన్నది అయిదు నెలల కూన, కిలోన్నర బరువు. పొట్టలో నీరు చేరింది, ఎఫ్‌ఐపీ అనే వైరస్ జబ్బు అన్నారు. 12 వారాల మందుకు 38 వేలు అవుతుందట. క్రెడిట్ కార్డు మీద ఇప్పటికే 14 వేలు బాకీ. 20 నెలల లక్ష చీటీలో ఆరు నెలలు కట్టాను, ఇప్పుడు పాడితే 28 వేలు పోయి 72 వేలు వస్తాయి. పాడేద్దామనుకుంటున్నా. మా అత్త "పిల్లులకు ఇంత తగలేస్తారా" అంటోంది. ఏం చేయమంటారు?

జవాబు: మీ అత్తగారి మాటకు లెక్కల్లో జవాబు దొరకదమ్మా. అది మీరూ మీరూ తేల్చుకోవాల్సింది. నాకు కనబడుతున్న ఇబ్బంది వేరే. రెండు పిల్లుల ఖర్చూ ఒకే పద్దులో రాసుకుని కంగారు పడుతున్నారు. కూన వైద్యానికి ఫలానా రోజుతో అయిపోతుందన్న తేదీ ఉంది. పెద్దదానికి లేదు. తేదీ ఉన్న ఖర్చుకు అప్పు చేయొచ్చు. తేదీ లేనిదాన్ని నెల జీతంలోంచే లాగాలి, లేకపోతే అప్పు ఎక్కడ ఆపాలో తెలియదు. మీ మిగులు నెలకు 3 వేలు, పెద్దపిల్లి సెలైన్ ఖర్చు దాదాపు 7,800. కార్డు బాకీ పుట్టింది అక్కడే.

ముందు కూన సంగతి. కొన్నేళ్ల కిందటి వరకు ఎఫ్‌ఐపీ అంటే ఆశ వదులుకోవడమే. జీఎస్-441524 అనే మందు వచ్చాక వైద్యం అందిన పిల్లుల్లో ఎక్కువ భాగం కోలుకుంటున్నాయి. కాబట్టి దీన్ని దండగ ఖర్చు అనను. కానీ 38 వేలన్న అంకెను నమ్ముకోవద్దు. ఈ మందు మోతాదు బరువును బట్టి ఉంటుంది. మీకు చెప్పిన అంచనా ఇవాళ్టి కిలోన్నరకు వేసింది. జబ్బు తగ్గితే కూన తింటుంది, పెరుగుతుంది, దాంతోపాటు మందూ పెరుగుతుంది. 12 వారాల చివరికి రెండున్నర కిలోలకు వచ్చిందనుకుంటే సగటు 2 కిలోలు, అంటే ఖర్చు 50 వేలు. పైగా మధ్యమధ్య రక్తపరీక్షలు. కోలుకునే కొద్దీ బిల్లు పెరిగే వైద్యం ఇది, నెల తిరిగాక ఉలిక్కిపడకండి.

ఇంకోవైపు, తగ్గే దారీ ఒకటుంది. పొట్టలో నీరు చేరే రకంలో 42 రోజుల కోర్సు 84 రోజుల కోర్సంత బాగా పనిచేసిందని 2024లో జర్మనీ పరిశోధకులు ప్రచురించారు. మీ కూనకు అది సరిపోతుందా అని డాక్టరుగారిని నేరుగా అడగండి. డబ్బు మిగుల్తుందని మీ అంతట మీరు మాత్రం మధ్యలో ఆపొద్దు. జబ్బు తిరగబెడితే మళ్లీ మొదట్నుంచి, అదీ పెద్ద మోతాదుతో కొనాలి.

మందు మొత్తం ఒకేసారి కొనకండి. రెండేసి వారాలకు తీసుకోండి. పనిచేసేదైతే సాధారణంగా మొదటి వారంలోనే జ్వరం దిగి తిండి మొదలవుతుంది. పనిచేయకపోతే మీ చేతిలో పది వారాల డబ్బు మిగులుతుంది. డాక్టరు ద్వారా, బిల్లుతో కొనండి. వాట్సాప్‌లో ఎవరో సగం ధరకిస్తామంటే వద్దు.

ఇక డబ్బు ఎక్కడిది? చీటీ పాడొద్దు. మీకు కావాల్సింది 50 వేలు, దానికోసం 28 వేలు వదులుకోవడం ఏ లెక్కకూ అందదు. బంగారం గురించి మీరు రాయలేదు. రెండు సవర్ల గొలుసు ఉంటే బ్యాంకులో తాకట్టు పెట్టండి. కార్డు బాకీ కూడా కలుపుకుని 65 వేలు తీసుకున్నా, 10 శాతం చొప్పున ఏడాది వడ్డీ 6,500. కార్డుకు నెలకు మూడున్నర శాతం చొప్పున పడితే ఆ 14 వేలకే ఏడాదికి అంత దగ్గరగా అవుతుంది. బ్యాంకువాళ్లను ఓవర్‌డ్రాఫ్ట్ పద్ధతిలో ఇస్తారా అని అడగండి. వాడుకున్నంతకే వడ్డీ పడుతుంది, రెండు వారాలకోసారి కొనే మందుకు అది బాగా కుదురుతుంది. తెలిసినవాళ్ల దగ్గర మూడు రూపాయల వడ్డీకి మాత్రం వెళ్లొద్దు, అది ఏడాదికి 36 శాతం.

తీర్చడం మాత్రం మీవారి పంట డబ్బు మీద పెట్టుకోకండి. వెనామీ రొయ్యకు తెల్లమచ్చ వైరస్ తగిలితే ఆ పంట పోయినట్టే. 2025లో అమెరికా సుంకాలు పెంచినప్పుడు ధరకేమైందో ఆయనకు నాకంటే బాగా తెలుసు. చీటీ గడువు తీరాక వచ్చే మొత్తంతో గొలుసు విడిపించుకోండి. పంట డబ్బు ముందే వస్తే మంచిదే.

పెద్దపిల్లికి ఖర్చు తగ్గే చోటు మీ ఇల్లే. చర్మం కింద సెలైన్ ఎక్కించడం ఇంట్లో నేర్చుకోదగ్గ పని. డాక్టరుగారి ఎదుట రెండు మూడుసార్లు మీ చేత్తో చేయండి. ఎన్ని మిల్లీలీటర్లో ఆయనే రాసివ్వాలి. గుండె బలహీనంగా ఉన్న పిల్లికి ఎక్కువైతే ప్రమాదం. ప్రతిసారీ కొత్త సూది వాడండి. బాటిల్, సెట్, సూదులు మందుల షాపులో ధర అడిగి చూడండి, నెలకు 2 వేలు దాటకపోవచ్చు. ఎండుచేపలు మానేయండి, ఉప్పూ ఫాస్ఫరసూ రెండూ కిడ్నీకి భారమే. అయితే కిడ్నీ జబ్బు పిల్లుల కోసం అమ్మే తిండి పెడితే ముట్టకుండా పస్తుంటే మాత్రం అది తినేదేదో పెట్టండి. రెండు మూడు రోజులు తినకపోతే పిల్లి కాలేయానికి కొవ్వు పడుతుంది, అప్పుడు ఆసుపత్రిలో ఉంచాల్సి వస్తుంది. నొప్పిగా ఉందని ఇంట్లో ఉన్న పారాసెటమాల్ వేయకండి. పిల్లికి అది విషం.

ఈ పిల్లికి నెలకు 4 వేలు అని గీత గీసుకోండి. అది దాటాల్సి వస్తే ఏం చేస్తామన్నది ఇప్పుడే, అది బాగున్న రోజునే, మీరిద్దరూ డాక్టరుతో మాట్లాడండి. బాధ లేకుండా నిద్రపుచ్చే సంగతి కూడా అందులో రావాలి. అర్ధరాత్రి ఏడుస్తూ కార్డు గీకేవాళ్లను చాలామందిని చూశాను. రెండో అభిప్రాయం కావాలంటే తిరుపతి వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి మీకు గూడూరు మీదుగా రైలు దూరమే. రిపోర్టులన్నీ పట్టుకుని, రెండు పిల్లులనూ ఒకే ప్రయాణంలో చూపించుకు రండి.

బీమా ఇప్పుడు అక్కరకు రాదు, ముందే ఉన్న జబ్బుకు పాలసీ వర్తించదు. వైద్య బీమా మీద వచ్చే ఆదాయపు పన్ను మినహాయింపు మనుషులకే. చీటీ గడువు తీరేదాకా సిప్ ఆపుకోండి. మిగులు 5 వేలవుతుంది, అందులో 4 వేలు పెద్దపిల్లికి, మిగతా వెయ్యి బంగారం వడ్డీకి. చీటీ తీరాక సిప్ మళ్లీ మొదలుపెట్టమని ఇప్పుడే ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి.