‘గేలిక్ ఫుట్‌బాలే నా కెరీర్’ అంటున్నాడు, ఏం చేయాలి?

ప్రశ్న: మాది గుంటూరు. పదకొండేళ్లుగా డబ్లిన్ దగ్గర లూకన్‌లో ఉంటున్నాం. మా బాబుకి పదహారేళ్లు, ట్రాన్సిషన్ ఇయర్‌లో (స్కూలు చివరి రెండేళ్లకు ముందు వచ్చే నాలుగో ఏడాది) ఉన్నాడు. చిన్నప్పటి నుంచి ఇక్కడి జీఏఏ (గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్) క్లబ్‌లో ఐర్లాండ్ వాళ్ల సొంత ఆట గేలిక్ ఫుట్‌బాల్ ఆడుతున్నాడు, మిడ్‌ఫీల్డర్. మనిషి బాగా పొడుగు. ఈమధ్య కౌంటీ (మన జిల్లా లాంటిది) జట్టు ట్రయల్స్‌కి పిలుపొచ్చింది. అప్పటి నుంచి ‘నా కెరీర్ ఇదే, బ్రయాన్ ఫెంటన్‌లా అవుతా’ అంటున్నాడు. టైమ్ చాలట్లేదని మ్యాథ్స్ హయ్యర్ లెవెల్ వదిలేసి ఆర్డినరీకి మారతాడట. వాళ్ల నాన్నగారేమో ఆటే మాన్పించేద్దాం అంటున్నారు. ఇంట్లో రోజూ టెన్షనే. ఇందులో అసలు డబ్బులుంటాయా? ఒకవేళ బాగా ఆడినా మన పిల్లల్ని పైదాకా రానిస్తారా?
– ఒక తల్లి, డబ్లిన్

జవాబు: ముందు డబ్బు సంగతి చెప్పేస్తాను. గేలిక్ ఫుట్‌బాల్‌లో జీతం ఉండదు. డబ్లిన్‌లోని క్రోక్ పార్క్ స్టేడియంలో ఎనభై రెండు వేల మంది ముందు ఆల్ ఐర్లాండ్ (కౌంటీల మధ్య జాతీయ ఛాంపియన్‌షిప్) ఫైనల్ ఆడినవాడైనా, సంబరాలు అయిపోయాక మళ్లీ ఆఫీసుకో, బడికో, ఆసుపత్రికో వెళ్లాల్సిందే. 1884లో థర్లెస్ పట్టణంలో జీఏఏ పెట్టినప్పటి నుంచీ ఇది అమెచ్యూర్ ఆటే. కౌంటీకి ఆడేవాళ్లకు ప్రయాణ ఖర్చులిస్తారు. ప్రభుత్వం నుంచి ఏటా కొంత గ్రాంటు వస్తుంది. బాగా పేరొచ్చిన కొద్దిమందికి ప్రకటనలు, నడపడానికి ఒక కారు దొరకవచ్చు. ఇవన్నీ కలిపినా డబ్లిన్‌లో ఇల్లు గడవదు. ఆటగాళ్లను వేలంలో కొనుక్కోవడం అనేదీ లేదు. పెరిగిన పేటకు, ఆ పేట ఉన్న కౌంటీకి ఆడతారు, అంతే.

మన దగ్గర క్రికెట్ ఆడే పిల్లాడి తల్లిదండ్రులకు ఒక దశలో చదువా, ఆటా అని తేల్చుకోక తప్పదు. రంజీ దాకా వెళ్తే మ్యాచ్ ఫీజులుంటాయి, ఐపీఎల్ దాకా వెళ్తే జీవితమే మారిపోతుంది, అందుకని పందెం వేస్తారు. మీవారి భయం అక్కడి నుంచి వచ్చిందే అనుకుంటాను. గేలిక్ ఫుట్‌బాల్‌లో ఆ పందేనికి చోటే లేదు. ఎంత గొప్ప మిడ్‌ఫీల్డర్‌కైనా వేరే ఉద్యోగం ఉండి తీరాలి. కాబట్టి మీ బాబుతో కూర్చుని మాట్లాడాల్సిన విషయం ఒక్కటే: ఇరవై నుంచి ముప్పై ఏళ్ల మధ్య కౌంటీకి ఆడుతూ కూడా చేసుకోగలిగే ఉద్యోగం ఏది, దానికి ఇప్పుడు ఏం చదవాలి?

వాడు చెప్పిన ఫెంటన్‌నే చూడండి. ఉత్తర డబ్లిన్‌లోని రహీనీ క్లబ్ కుర్రాడు. 2014లో డబ్లిన్ అండర్-21 జట్టుతో ఆల్ ఐర్లాండ్ గెలిచాడు, 2015లో సీనియర్ జట్టులోకి వచ్చాడు. ఆ ఏడాది మొదలుపెట్టి 2020 దాకా వరసగా ఆరు ఆల్ ఐర్లాండ్ టైటిళ్లు, 2023లో మరొకటి. 2021లో మేయోతో సెమీఫైనల్ ఓడిపోయే వరకు సీనియర్ ఛాంపియన్‌షిప్ మ్యాచ్‌లో ఓటమి అంటే ఏమిటో అతనికి తెలియదు. 2018లో, 2020లో ఫుట్‌బాలర్ ఆఫ్ ది ఇయర్. ఇంత సాధించినవాడు యూనివర్సిటీ కాలేజ్ డబ్లిన్‌లో ఫిజియోథెరపీ చదివాడు. 2024 నవంబరులో, 31 ఏళ్లకే, కౌంటీ ఆటకు వీడ్కోలు చెప్పాడు. మీ బాబు గది గోడ మీద ఫెంటన్ ఫొటో ఉంటే ఉండనివ్వండి. ఈ డిగ్రీ సంగతి, ఆ 31 సంఖ్య మాత్రం వాడికి చెప్పండి. అరవై ఏళ్ల దాకా పనిచేయాల్సిన మనిషికి ముప్పై ఒకటి తర్వాత ఇంకా సగం జీవితం ఉంటుంది.

పాత తరంలోనూ ఇదే కథ. కెర్రీ మిడ్‌ఫీల్డర్ జాక్ ఓషే 1978 నుంచి 1986 మధ్య ఏడు ఆల్ ఐర్లాండ్‌లు గెలిచాడు, నాలుగుసార్లు ఏడాది మేటి ఆటగాడిగా నిలిచాడు. వృత్తి ప్లంబింగ్. కిల్డేర్ కౌంటీలోని లీక్స్‌లిప్‌లో, అంటే మీ ఇంటికి కూతవేటు దూరంలో, కాపురం పెట్టి అక్కడి నుంచే కెర్రీకి ఆడాడు. అదే కెర్రీకి ఆరు టైటిళ్లు గెలిచిపెట్టిన మిడ్‌ఫీల్డర్ డారా ఓ షే ఇళ్లు, స్థలాల వేలం వ్యాపారం చేసుకుంటూ ఆడాడు, ఆట మానాక పత్రికలో కాలమ్ రాస్తున్నాడు. వీళ్లెవరూ ఉద్యోగాన్ని ‘ఒకవేళ ఆట కుదరకపోతే’ అని పక్కన పెట్టుకోలేదు.

ఇక అసలు కష్టం. డబ్బు లేదు సరే, సమయం మాత్రం ప్రొఫెషనల్ ఆటలాగే అడుగుతుంది. కౌంటీ సీనియర్ ఆటగాళ్ల జీవితం మీద ఈఎస్‌ఆర్‌ఐ అనే ఐరిష్ పరిశోధనా సంస్థ 2018లో ఒక నివేదిక ఇచ్చింది. ప్రయాణాలు, జిమ్, ట్రైనింగ్, మ్యాచ్‌లు అన్నీ కలిపి వారానికి 31 గంటల దాకా ఆటకే పోతున్నాయని అందులో తేలింది. ఉద్యోగం చేస్తూ ఇంకో ఉద్యోగం చేయడమే ఇది. చాలామంది నిద్ర తగ్గించుకుంటారు. కుటుంబంతో గడిపే సమయం తగ్గిపోతుంది. మీ బాబు ఇప్పుడే ‘టైమ్ చాలట్లేదు’ అంటున్నాడంటే వాడు అబద్ధం చెప్పట్లేదు. ఆ మాటను సాకు అని కొట్టిపారేయకండి.

అందుకే ఉద్యోగం ఎంచుకునేటప్పుడు జీతంతో పాటు పనివేళలు, ఊరు కూడా చూసుకోవాలి. కౌంటీ సీజన్ జనవరి చివర లీగ్‌తో మొదలై జులై చివర ఆల్ ఐర్లాండ్ ఫైనల్‌తో ముగుస్తుంది. ఆ తర్వాత క్లబ్ మ్యాచ్‌లు. వారంలో రెండు మూడు సాయంత్రాలు ట్రైనింగ్, ఆదివారం మ్యాచ్. కౌంటీ ఆటగాళ్లలో అంతమంది టీచర్లు ఎందుకున్నారో దీన్ని బట్టే అర్థమవుతుంది. మధ్యాహ్నానికి బడి అయిపోతుంది, ఛాంపియన్‌షిప్ వేడెక్కే నెలల్లో వేసవి సెలవులుంటాయి. మీ బాబు ఐదేళ్ల వయసులోనే వచ్చాడు కాబట్టి స్కూల్లో ఐరిష్ భాష చదువుతూనే ఉండి ఉంటాడు. ప్రైమరీ టీచర్ కావాలంటే లీవింగ్ సర్ట్‌లో, అంటే స్కూలు చివరి పరీక్షలో, ఐరిష్ హయ్యర్ లెవెల్‌లో కనీసం హెచ్4 గ్రేడు రావాలి. చాలామంది మన పిల్లలు ఐరిష్‌ని నిర్లక్ష్యం చేసి ఆ దారి తామే మూసుకుంటారు. సెకండరీ టీచర్‌కి ఆ షరతు లేదు, డిగ్రీ తర్వాత రెండేళ్ల పీఎంఈ అనే టీచర్ ట్రైనింగ్ కోర్సు చేయాలి.

ఫిజియోథెరపీ మంచిదే, కానీ సీట్లు తక్కువ, సీఏఓ (కాలేజీ సీట్లు కేటాయించే సంస్థ) పాయింట్లు చాలా ఎక్కువ కావాలి, ఆసుపత్రి ప్లేస్‌మెంట్లు ఎక్కడ పడతాయో మన చేతిలో ఉండదు. సాఫ్ట్‌వేర్, అకౌంట్స్ లాంటివి వారంలో కొన్ని రోజులు ఇంటి నుంచి చేసే వీలుంటే ఆటకు బాగా కలిసొస్తాయి. వైద్యం అన్నిటికన్నా కష్టం. అలాగని అసాధ్యమేం కాదు. డబ్లిన్ డిఫెండర్ జాక్ మెకాఫ్రీ మెడిసిన్ చదువుతూనే 2015లో ఫుట్‌బాలర్ ఆఫ్ ది ఇయర్ అయ్యాడు, మరుసటి ఏడాది ఆట పక్కనపెట్టి ఆఫ్రికా వెళ్లొచ్చాడు. అమెచ్యూర్ ఆటలో నాకు అన్నిటికన్నా నచ్చే విషయం ఇదే. కాంట్రాక్టు లేదు కాబట్టి ఒక ఏడాది ఆగాలనిపిస్తే ఆగవచ్చు, తిరిగి రావాలనిపిస్తే రావచ్చు.

మ్యాథ్స్ విషయంలో నేను గట్టిగా చెబుతున్నాను: ఇప్పుడే వదలనివ్వకండి. హయ్యర్ లెవెల్‌లో హెచ్6 వచ్చినా 25 బోనస్ పాయింట్లు కలుస్తాయి. ఆర్డినరీకి మారాలనుకుంటే స్కూలు చివరిదైన ఆరో ఏడాదిలో కూడా మారవచ్చు. ఒకసారి వదిలేశాక మళ్లీ పైకి ఎక్కడం మాత్రం చాలా కష్టం. పైగా ఇంజినీరింగ్ వైపు వెళ్లాలంటే హయ్యర్ మ్యాథ్స్ దాదాపు తప్పనిసరి. టైమ్ కావాలంటే ఇంకెక్కడైనా తగ్గించుకోవాలి. ఇదే వయసులో పిల్లలు స్కూలు జట్టు, క్లబ్ జట్టు, కౌంటీ స్క్వాడ్, కొందరైతే సాకర్ కూడా ఆడేస్తుంటారు. ముగ్గురు కోచ్‌లూ వాడు తమ ఒక్కరికే ఆడుతున్నాడన్నట్టు ట్రైనింగ్ పెడతారు. మీరు ఆ ముగ్గురితోనూ మాట్లాడి వారానికి ఎన్ని సెషన్లు అన్నది తేల్చండి. ఎదిగే వయసులో మోకాళ్లు, తొడ కండరాలు దెబ్బతినేది ఎక్కువగా ఇలాంటి భారం వల్లే. కౌంటీ మైనర్ (కుర్రాళ్ల) జట్టును 2018 నుంచి అండర్-17 చేశారు కాబట్టి, లీవింగ్ సర్ట్ రాసే జూన్‌లో ఆ మ్యాచ్‌ల ఒత్తిడి చాలామందికి తప్పుతుంది. అది మీకు కలిసొచ్చే విషయమే.

కాలేజీ దగ్గరికి వచ్చేసరికి ఆట ఉపయోగపడటం మొదలవుతుంది. డీసీయూ, యూసీడీ, లిమెరిక్, మేనూత్ లాంటి యూనివర్సిటీలు కౌంటీ స్థాయి ఆటగాళ్లకు స్కాలర్‌షిప్పులు ఇస్తాయి. కొన్నిచోట్ల ప్రవేశ పాయింట్లలోనూ కాస్త సడలింపు ఉంటుంది. జిమ్, ఫిజియో, ట్యూటర్ సాయం కూడా దొరుకుతాయి. కాలేజీల మధ్య జరిగే సిగర్సన్ కప్ 1911 నుంచి నడుస్తోంది. కౌంటీ సెలెక్టర్లు దాన్ని శ్రద్ధగా చూస్తారు. లూకన్ నుంచి మేనూత్ అయినా డీసీయూ అయినా ఇంటి నుంచే వెళ్లిరావచ్చు. కౌంటీకి ఆడాలనుకునే పిల్లాడికి అది పెద్ద లాభం. గాల్వే నుంచో కార్క్ నుంచో వారంలో రెండు రాత్రులు కారులో డబ్లిన్ ట్రైనింగ్‌కి వచ్చి వెళ్లేవాళ్లను అడిగితే చెబుతారు.

మిడ్‌ఫీల్డ్ గురించి కూడా ఒక మాట. కొన్నేళ్ల పాటు గోల్‌కీపర్లు కిక్-అవుట్‌ని (గోల్ దగ్గర నుంచి ఆట మళ్లీ మొదలుపెట్టే కిక్) పక్కనున్నవాడికే చిన్నగా వేయడంతో, గాల్లోకి ఎగిరి బంతి అందుకునే పొడగరి మిడ్‌ఫీల్డర్ల విలువ తగ్గిపోయింది. జిమ్ గావిన్ అధ్యక్షతన వేసిన కమిటీ సిఫార్సులతో 2025లో నియమాలు మారాయి. ఇప్పుడు కిక్-అవుట్ 40 మీటర్ల ఆర్క్ దాటాలి. అంటే 8, 9 నంబర్ చొక్కాలు వేసుకునేవాళ్ల మధ్య ఆ గాలి పోరాటం మళ్లీ వచ్చింది. రెండు చేతులతో తల పైన బంతి పట్టగలిగి, వెంటనే తిరిగి పరిగెత్తగలిగే పొడుగు కుర్రాడికి ఇంతకన్నా మంచి రోజులు లేవు. దీర్ఘకాలం ఆడటం కూడా సాధ్యమే. గాల్వే మిడ్‌ఫీల్డర్ పాల్ కన్‌రాయ్‌కి 2018లో కాలు విరిగింది, ఇక అయిపోయిందనుకున్నారు. 2024లో, 35 ఏళ్ల వయసులో, ఫుట్‌బాలర్ ఆఫ్ ది ఇయర్ అయ్యాడు. కాలు విరిగి నెలల తరబడి ఇంట్లో కూర్చోవలసి వస్తే, చేతిలో ఒక ఉద్యోగం ఉన్నవాడికీ లేనివాడికీ ఎంత తేడా ఉంటుందో మీవారికి నేను చెప్పనక్కర్లేదు.

జీతమొచ్చే దారి ఒకటుంది, మీ బాబు త్వరలో దాని గురించి కూడా అడుగుతాడు. ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ లీగ్, ఏఎఫ్‌ఎల్. ఐర్లాండ్ కుర్రాళ్లను అక్కడి క్లబ్బులు తీసుకెళ్తాయి. డబ్లిన్ కుర్రాడు జిమ్ స్టైన్స్ 1984లో మెల్‌బోర్న్ వెళ్లి, 1991లో అక్కడి అత్యున్నత పురస్కారం బ్రౌన్‌లో మెడల్ గెలిచాడు, వరసగా 244 మ్యాచ్‌లు ఆడిన రికార్డు ఇప్పటికీ అతనిదే. ఆ తర్వాత యువకుల కోసం ఒక స్వచ్ఛంద సంస్థ పెట్టి, 2012లో చనిపోయేదాకా దాని కోసం పనిచేశాడు. కానీ వెళ్లినవాళ్లలో చాలామంది కొన్నేళ్లకే తిరిగొస్తారు. డెర్రీ మిడ్‌ఫీల్డర్ కానర్ గ్లాస్ హాథార్న్ క్లబ్‌కి ఆడి, ఇంటికి తిరిగొచ్చి, తన ఊరి గ్లెన్ క్లబ్ తరఫున 2024 జనవరిలో ఆల్ ఐర్లాండ్ క్లబ్ టైటిల్ గెలిచాడు. ఎవరైనా స్కౌట్ ఫోన్ చేస్తే సంతోషించండి, కానీ లీవింగ్ సర్ట్ పూర్తయ్యాకే మాట్లాడదాం అనండి. కాలేజీలో చేరి ఉంటే సీటు వాయిదా వేసుకునే వీలుందో లేదో రాతపూర్వకంగా తెలుసుకోండి.

మన పిల్లల్ని పైదాకా రానిస్తారా అని అడిగారు. పాకిస్తాన్‌లో పుట్టి, చిన్నతనంలో ఐర్లాండ్ వచ్చిన షైరోజ్ అక్రమ్ 2016లో మేయో తరఫున అండర్-21 ఆల్ ఐర్లాండ్ గెలిచాడు. లైబీరియాలో పుట్టిన బోయిడు సాయే వెస్ట్‌మీత్ సీనియర్ జట్టుకి ఆడాడు. తండ్రిది హాంకాంగ్ అయిన జేసన్ షెర్లాక్ 1995లో డబ్లిన్ తరఫున ఆల్ ఐర్లాండ్ గెలిచి ఊరంతా ఆరాధించే స్టార్ అయ్యాడు. మైదానంలో జాతి పేరుతో తిట్లు పడ్డానని కూడా అతను బాహాటంగా చెప్పాడు. కాబట్టి దారి ఉంది, మాటలు పడాల్సిన రోజూ రావచ్చు. అలాంటిది జరిగితే ఇంటికొచ్చి చెప్పే చనువు వాడికి మీ దగ్గర ఉండాలి, క్లబ్‌లో ఫిర్యాదు ఎవరికి చేయాలో మీకు తెలిసి ఉండాలి. ఆట మాన్పిస్తే ఆ చనువే ముందు పోతుంది. ఒక విదేశీ ఊళ్లో మీ బాబుకు పదేళ్లుగా సొంతవాళ్లుగా ఉన్న ముప్పైమంది స్నేహితులు కూడా పోతారు. దయచేసి ఈ మాట మీవారికి నా తరఫున చెప్పండి.

ట్రయల్స్‌లో సెలెక్ట్ అయినా, కాకపోయినా సెప్టెంబరులో ఐదో ఏడాది మొదలవుతుంది. సబ్జెక్టుల ఫారం ఇచ్చేలోపు స్కూల్లో గైడెన్స్ కౌన్సెలర్ దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకుని ముగ్గురూ వెళ్లండి. టీచింగ్, ఫిజియో, ఇంజినీరింగ్, కంప్యూటర్స్, ఈ నాలుగింటికీ ఏయే సబ్జెక్టులు ఏ లెవెల్‌లో కావాలో రాయించుకోండి. నాలుగింటిలో ఎక్కువ దారులు తెరిచి ఉంచే సబ్జెక్టులు తీసుకోమనండి. ఏ కోర్సు అన్నది ఇప్పుడే తేలక్కర్లేదు. సీఏఓ దరఖాస్తుకి గడువు ఆరో ఏడాది ఫిబ్రవరి 1, ఆ తర్వాత కూడా జులై 1 దాకా మనసు మార్చుకోవచ్చు.