పాత ఎంజీబీకి కొత్త బ్రేకులు: కార్డు మీద కొనాలా?

ప్రశ్న: డాలస్‌లో ఉంటాం. నా 1972 ఎంజీబీ రోడ్‌స్టర్‌ను (పైకప్పు తెరుచుకునే పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) ఏడాదికి 1,500 మైళ్లకు మించి నడపను. బ్రేకు పెడల్ బాగా లోపలికి పోతోంది. ముందు నాలుగు పిస్టన్ల క్యాలిపర్లు (డిస్కును నొక్కిపట్టే భాగాలు), వెనక డిస్కులు ఉన్న కిట్ పెట్టడానికి షాపువాళ్లు 4,500 డాలర్లు చెప్పారు, అందులో కూలి గంటకు 130. బ్యాంకులో ఉన్నది 6,000, నెల ఖర్చు 4,000. 24 శాతం వడ్డీ కార్డు మీద పెట్టి నెలకు 150 కట్టనా?

జవాబు: వద్దండీ. ఆ లెక్కన అప్పు తీరడానికి దాదాపు 47 నెలలు పడుతుంది, వడ్డీ ఒక్కటే సుమారు 2,440 డాలర్లు. కారు అమ్మేటప్పుడు ఆ డబ్బు తిరిగొస్తుందనీ అనుకోకండి. పాత కార్లు కొనేవాళ్లలో చాలామంది ఒరిజినల్ భాగాల కోసమే చూస్తారు.

అసలు కిట్ అవసరమేనా? మీ కారుకు కంపెనీ నుంచే ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు ఉన్నాయి. పెడల్ లోతుకు పోవడానికి చాలాసార్లు కారణం డ్రమ్ములు వదులవడం. ఈ కారులో అవి వాటంతటవి సర్దుకోవు. కారు వెనక భాగం స్టాండ్ల మీదికి ఎత్తి, బ్యాక్‌ప్లేటు (డ్రమ్ము వెనక ఉండే పలక) మీది చదరపు తల అడ్జస్టర్‌ను చక్రం బిగుసుకునేదాకా తిప్పండి, తర్వాత చక్రం రాసుకోకుండా తిరిగేవరకు ఒకటి రెండు క్లిక్కులు వదలండి. మామూలు స్పానర్ వాడితే ఆ తల అరిగి గుండ్రమవుతుంది, చదరపు అడ్జస్టర్ స్పానరే కొనుక్కోండి. దీనికి మెకానిక్ అక్కర్లేదు.

అయినా కుదరకపోతే భాగాలు మార్చాలి: ముందు డిస్కులు, ప్యాడ్లు, వెనక షూలు (డ్రమ్ముకు లోపల ఒత్తుకునేవి), వీల్ సిలిండర్లు (షూలను నెట్టేవి), మూడు ఫ్లెక్సిబుల్ గొట్టాలు, డాట్ 4 రకం బ్రేకు ఫ్లూయిడ్. పాత రబ్బరు గొట్టం లోపల ఉబ్బితే, పెడల్ వదిలాక కూడా ఫ్లూయిడ్ వెనక్కి రాదు, బ్రేకు పట్టే ఉంటుంది. ఫ్లూయిడ్ తేమ పీల్చుకుంటుంది కాబట్టి రెండేళ్లకోసారి మార్చాలి. కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు, తేమ చేరాక ఆ హద్దు 155కు పడిపోతుంది. భాగాలకు సుమారు 450 అనుకోండి, ఆరు గంటల కూలి 780, మొత్తం 1,230. నెలకు 310 పక్కన పెడితే నాలుగు నెలల్లో నగదుగా కట్టేయొచ్చు. 6,000 జోలికి వెళ్లొద్దు, అది ఒకటిన్నర నెలల ఖర్చే. అప్పటిదాకా? వీల్ సిలిండర్ కారుతున్నా, పెడల్ మెత్తగా ఉన్నా కారు గ్యారేజీలోనే ఉండాలి. సరదా బండే కదా, ఆగుతుంది.

కిట్‌లో ఇబ్బందులూ ఉన్నాయి. పెద్ద క్యాలిపర్ మీ 14 అంగుళాల వైరు చక్రం చువ్వలకు తగలొచ్చు. పిస్టన్ల వైశాల్యం పెరిగి మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఫ్లూయిడ్‌ను నెట్టేది) పాతదే ఉంటే పెడల్ ఇంకా లోతుకు పోతుంది. వెనక బలం ఎక్కువైతే తడి రోడ్డుమీద వెనక చక్రాలు ముందే లాక్ అయి బండి తిరిగిపోతుంది. ఇప్పుడున్న బ్రేకులతోనే గట్టిగా తొక్కితే ముందు చక్రాలు లాక్ అవుతున్నాయంటే, చాలనిది బ్రేకు కాదు, టైరు పట్టు.

రేస్ ట్రాక్ మీదికి తీసుకెళ్లే ఆలోచన ఉంటే మాట వేరు. అప్పుడు మాస్టర్ సిలిండర్ సైజు, చక్రాల క్లియరెన్సు, వెనక బ్రేకుల బలం తగ్గించే ప్రెషర్ వాల్వు రాతపూర్వకంగా కోట్‌లో ఉండాలని అడగండి. మార్పు చేసేముందు ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పండి. అగ్రీడ్ వాల్యూ పాలసీలో (కారు విలువ ముందే ఒప్పుకుని రాసుకున్నది) కిట్ ఖరీదు దానంతటది కలవదు, రసీదులిచ్చి విలువ సవరించుకోవాలి. తీసేసిన క్యాలిపర్లు, డ్రమ్ములు పారేయకుండా పెట్టెలో దాచండి.