హ్యాండవుట్లు రాసే తమ్ముడికి

తమ్ముడూ,

నువ్వు నడిపే రోల్ ప్లేయింగ్ ఆట కోసం, అదే అందరూ కూచుని తలా ఒక పాత్రగా కథ నడిపే ఆట కోసం, ఆటగాళ్ల చేతికిచ్చేదానికి రాసి పంపిన హ్యాండవుట్లు, ఆ కథలోని ఉత్తరాలూ డైరీలూ అన్నీ చదివినా. టీ డికాషన్లో ముంచి ఎండబెట్టి, అంచులు కాల్చి, లక్క ముద్ర కూడా ఏసినావు, చూసేదానికి భలే ఉండాయి, మన తిరపతి ఎండకి ఆ కాగితం అరగంటలో ఆరిపోయుంటుంది. కానీ చదవతా ఉంటే మంత్రగాడి డైరీ, రాజుగారి ఫర్మానా, దొంగ రాసిన చీటీ అన్నీ ఒకే మనిషి రాసినట్టు ఉండాయబ్బా. గుహకి రెండో దారి చింతచెట్టు వెనకాల ఉందని మంత్రగాడు తన డైరీలో తనకి తానే ఎందుకు చెప్పుకుంటాడు, వానికి తెలీదా?

కాగితం రాసే ముందు దాన్ని రాసినోడికి ఏం పని పడిందో చూసుకో. అప్పు తీర్చలేదని తిట్టేదానికా, పొలం గట్టు తగాదాకా, లెక్క అప్పజెప్పేదానికా. ఆటగాళ్లు అనేవాళ్లు ఉండారనే వానికి తెలీదు. వాని పని వాడు చేసుకుంటా ఉంటే క్లూ మధ్యలో జారిపడాల.

దీనికి నువ్వు యాడికో పోబల్లేదు. తిరుమల గుడి గోడల మీద శాసనాలు ఉండాయి కదా, ఎక్కువ అరవంలోనే ఉంటాయి, టీటీడీ వాళ్లు ఎప్పుడో పుస్తకాలుగా వేసినారు, తిరగేయి. 1513లో కృష్ణదేవరాయలు మొదటిసారి కొండకి వచ్చినప్పుడు ఇచ్చినవన్నీ లెక్కగా చెక్కించినారు, రత్నాల కిరీటం, హారతికి 25 వెండి పళ్లేలు, రాణులిద్దరూ పాలారగింపుకి చెరొక బంగారు గిన్నె. చదివితే ఉత్త జాబితా. నీ ఆటలో ఇట్లాంటి శాసనం ఒకటి పెట్టు, గిన్నెలు రెండు అని. రెండు సెషన్లు పోయినాక కోవెల ఖజానా గుమాస్తా రాసిన లెక్క చేతికియ్యి, కిరీటం ఉంటుంది, పళ్లేలు సరిపోతాయి, గిన్నె మాత్రం ఒకటే. దాని కింద గీత గీయొద్దు, నీ మొహం కూడా మామూలుగా పెట్టుకో. ఎవరో ఒకరు "ఆగండ్రా, ఆ పాత కాగితం యాడ పెట్టినారు" అంటారు చూడు, దానికోసమే కదా మనం ఈ తిప్పలన్నీ పడేది.

ఇంకోటి, తేదీ. పాత కాగితాల్లో క్రోధి నామ సంవత్సరం అని రాసి వదిలేస్తారు, ఆ పేరు 60 ఏళ్లకి మళ్లీ వస్తుంది, 1964లో వచ్చింది, మళ్లీ 2024లో వచ్చింది. నీ ఆటలో అట్లా తేదీ ఏసిన ఉత్తరం పెడితే మీవాళ్లు మొన్న మొన్న రాసింది అనుకుని రాసినామె కోసం ఊరంతా వెతుకుతారు, ఆమె ఎప్పుడో పోయుంటుంది. న్యాయంగా ఉండాలంటే ఉత్తరంలో పడవ కూలి గురించి ఒక మాట వదులు, ఇప్పుడా ఏటి మీద వంతెన ఉంది కదా.

దేవత జోస్యం చెప్పే పద్యాలు మాత్రం ఆపేయి సామీ.

తప్పకుండా తెలియాల్సిన సంగతి ఏదైనా కనీసం మూడు చోట్ల పెట్టు, జస్టిన్ అలెగ్జాండర్ అనే గేమ్ మాస్టర్, అదే నీలాగా ఆట నడిపేవాడు, దీన్ని రూలుగానే చెప్పినాడు. గుమాస్తా లెక్క ఒకటి, కంసాలి కొట్లో కరిగిన బంగారం ఒకటి, గుమాస్తా కూతురి పెళ్లి ఖర్చు చూసి ఊళ్లోవాళ్లు గుసగుసలాడేది ఒకటి. కథ ముందుకి నడిపే క్లూని డైస్ వేసి పెద్ద అంకె పడితేనే దొరికేట్టు దాచొద్దు, 4 పడిందనుకో, సాయంత్రమంతా అందరూ నీ మొహం చూస్తా కూచోవాల.

అరపేజీ దాటొద్దు, ఒకడు గట్టిగా చదవతా ఉంటే మిగతావాళ్లు చిప్స్ తింటా ఉంటారు. ఆ వంకర్ల ఫాంట్లు తీసేసి చేత్తో రాయి, గుమాస్తాది మీ నాయన చేత రాయించు, చేతిరాత మారితే మనిషి మారినట్టు తెలుస్తుంది. ఒక జిరాక్సు నీ దగ్గర పెట్టుకో, పారేసుకుంటారు. బొమ్మలు కూడా ఇవ్వచ్చు, డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఇట్లాంటి ఆట వాళ్లు 1978లోనే ఒక అడ్వెంచర్‌తో పాటు ఆటగాళ్లకి చూపించేదానికి బొమ్మల పుస్తకం ఇచ్చినారు. మ్యాప్ అయితే కాళహస్తికి పోయి కలంకారీ వాళ్లని కరక్కాయ, పాలల్లో నానబెట్టిన బట్ట ముక్క అడుగు, తుప్పు ఇనుము, బెల్లం నీళ్లు పులియబెట్టి చేసే వాళ్ల నల్లరంగు దానిమీద పడితే నీ టీ మరకలు ఇంక గుర్తుకి రావు.

ముందు ఆ ఖజానా లెక్క రాసి పంపు. అంకెలు తెలుగు అంకెల్లోనే వెయ్యి, మీ గ్యాంగులో వాటిని చదివేవాడు ఒక్కడన్నా ఉండాడేమో చూద్దాం.

అక్క