అన్నీ ప్రైవేటుకు ఇచ్చేస్తే పనులు తొందరగా అవుతాయా?

"గవర్నమెంట్ సర్వీసులు దండగ, అన్నీ ప్రైవేటుకు ఇచ్చేస్తే బాగుపడతాం కదా" అని ఒకరు అడిగారు. నాకైతే వెంటనే ఔననబుద్ధి కాలేదు. మాది పరకాల దగ్గర పల్లె. చిన్న గిర్ని నడుపుతాను. కరెంటు లేకపోతే నాకు పూట గడవదు.

పోయిన ఎండాకాలం గాలిదుమారానికి వేపకొమ్మ విరిగి తీగల మీద పడింది. రాత్రి తొమ్మిదికి లైన్‌మన్‌కు ఫోన్ చేస్తే, "పక్కూర్ల స్తంభం పడ్డది, అది చూసుకొని వస్త" అన్నాడు. నమ్మలేదు. పదకొండున్నరకు తడిసిన బట్టలతోనే వచ్చాడు. సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి ఎల్‌సీ తీసుకున్నాడు, అంటే లైన్ ఆపించాడు. గొడ్డలి మాదే, నేను కింద నిలబడి సెల్‌ఫోన్ లైటు పట్టాను. పన్నెండున్నరకు ఫ్యాన్ తిరిగింది.

అదే కొమ్మకు ఇంటర్నెట్ కేబుల్ కూడా తెగింది. అది ప్రైవేటుది. కస్టమర్ కేర్‌లో ఎంతో మర్యాదగా మాట్లాడి, టికెట్ నంబర్ ఇచ్చి, "24 గంటల్లో" అన్నారు. మనిషి వచ్చింది ఐదో రోజు. బిల్లు మాత్రం నెల మొత్తానికీ వేశారు.

బస్సు సంగతి చూడండి. నిజాం కాలంలో, 1932లో 27 బస్సులతో మొదలైన సర్వీసే ఇప్పటి ఆర్టీసీ. మా ఊరికి దాని నైట్ హాల్ట్ బస్సు ఉంది. తెల్లారి ఐదున్నరకు కూరగాయల గంపలతో వరంగల్ బయల్దేరుతుంది. (2023 డిసెంబర్‌లో ఆడవాళ్లకు ఫ్రీ అయినప్పటి నుంచి మగవాళ్లం టికెట్ కొని నిలబడుతున్నాం, అదో కథ.) ప్రైవేటు అంటే మాకు ఆటోనే. పదిమంది ఎక్కితే గానీ కదలదు.

అట్లని గవర్నమెంట్‌ను వెనకేసుకురాను. నాన్న పోయాక ఒక సర్టిఫికెట్ కోసం ఒక ఆఫీసు చుట్టూ నాలుగు నెలలు తిరిగాను. సార్ మీటింగుల ఉన్నడు, సార్ సెలవుల ఉన్నడు, సార్ ట్రాన్స్‌ఫర్ అయిండు. ఫైలు ఎవరి టేబుల్ మీద ఉందో చెప్పినవాడే లేడు.

నాకు తేడా అక్కడే కనిపించింది. లైన్‌మన్ నంబర్ ఊరందరి ఫోన్లలో ఉంటుంది, రేపు మళ్లీ మా ముఖాలే చూడాలి. ముల్కనూరు సహకార సంఘం 1956 నుంచి నిలబడిందంటే అందుకేనేమో. అది సర్కారుదీ కాదు, కంపెనీదీ కాదు, రైతులదే. తప్పు జరిగితే మీటింగులో లేచి అడుగుతారు.

ఆ ఇంటర్నెట్ కంపెనీని మార్చుదామనే అనుకున్నాను. మా వీధికి వచ్చే కనెక్షన్ అదొక్కటే.