హైలాండ్ గేమ్స్: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: అబర్డీన్‌లో ఎమ్మెస్ చేస్తున్నాను. ఇక్కడ ఉన్నన్నాళ్లలో ఒక్కసారైనా హైలాండ్ గేమ్స్ చూడాలని ఉంది. ఎవరిని అడిగినా బ్రేమార్ పేరే చెబుతున్నారు, టికెట్లేమో అయిపోయాయట. ఇంకెక్కడికైనా వెళ్లొచ్చా?
– ఒక విద్యార్థి, అబర్డీన్

జవాబు: హైలాండ్ గేమ్స్ అంటే స్కాట్లాండ్ కొండప్రాంతపు సంప్రదాయ ఆటల పండగ, బ్రేమార్‌ది వాటిలో పేరున్నది. బ్రేమార్ టికెట్ దొరకలేదని దిగులు పడకండి. సెప్టెంబర్ మొదటి శనివారం జరిగే ఆ గేమ్స్‌కి రాజకుటుంబం వస్తుంది. 1848లో విక్టోరియా రాణి వచ్చిన దగ్గర్నుంచీ వాళ్లకి ఆ ఊరితో అనుబంధం, అందుకే జనం విరగబడతారు. నన్నడిగితే మాత్రం మొదటిసారి వెళ్లేవాళ్లు చిన్న ఊళ్లోనే చూడాలి. మీ ఊరి నుంచి డీ నది వెంబడి పడమటికి వెళ్లే రోడ్డు మీద అబోయిన్, బలాటర్, బ్రేమార్ వరసగా తగులుతాయి, బస్సు ఉంది. అబోయిన్‌లో ఆగస్టు మొదటి శనివారం, బలాటర్‌లో ఆగస్టు రెండో గురువారం. మైదానం చుట్టూ తాడు కట్టి ఉంటుంది, గడ్డి మీద ఎక్కడ చోటు దొరికితే అక్కడ కూర్చోవచ్చు. ఒక మూల బ్యాగ్‌పైపులు, అంటే తోలుసంచి సన్నాయిలు, వాయించే పోటీ, చెక్కవేదిక మీద పిల్లల డాన్సు, మధ్యలో బరువులు విసిరేవాళ్లు, వాళ్ల చుట్టూ పరుగు పందేలు, అన్నీ ఒకేసారి జరిగిపోతుంటాయి కాబట్టి గేటు దగ్గర అమ్మే కార్యక్రమ పుస్తకం తప్పకుండా కొనండి, లేకపోతే ఎటు చూడాలో తెలియదు. రెయిన్‌కోటు మర్చిపోవద్దు. వాన పడిందని ఎవరూ ఆట ఆపరు.

ప్రశ్న: మాది శ్రీకాకుళం దగ్గర పల్లె, ఊళ్లో సంగిడి రాళ్లు ఎత్తేవాణ్ణి. ఇప్పుడు గ్లాస్గోలో చదువు. ఆ పెద్ద దుంగ విసిరే పోటీలో నాలాంటి వాడు దిగొచ్చా? ఎంత దూరం విసరాలి?
– ఒక పాఠకుడు, గ్లాస్గో

జవాబు: సంగిడి ఎత్తినవాళ్లంటే నాకు చాలా గౌరవం, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ముందు ఆ దుంగ సంగతి చెబుతాను, ఎందుకంటే దాన్ని చాలామంది పొరపాటుగా అర్థం చేసుకుంటారు. దాని పేరు కేబర్. అందులో దూరానికి లెక్కే లేదు. బ్రేమార్ కేబర్ దాదాపు 6 మీటర్ల పొడుగు, 60 కిలోల బరువు, కొన్నిచోట్ల ఇంకా బరువైనవి ఉంటాయి. సన్నటి కొన కిందికి, లావు కొన ఆకాశంలోకి ఉండేలా నిలబెట్టి ఇస్తారు. ఆటగాడు వంగి రెండు అరచేతులూ దోసిలిలా కలిపి కింది కొన పట్టుకుని, దుంగని భుజానికి ఆనించుకుని లేస్తాడు, అది ఊగుతుంటే దానితోపాటే అడుగులు వేస్తూ పరుగందుకుంటాడు, టక్కున ఆగి చేతులు పైకి ఎగదోస్తాడు. అప్పుడు లావు కొన నేలకి గుద్దుకోవాలి, చేతుల్లోంచి వదిలిన సన్న కొన పైకి లేచి అవతలికి పల్టీ కొట్టాలి. ఆటగాడి వెనకే నడిచే జడ్జి, పడిన దుంగని గడియారం ముల్లులా చూస్తాడు. సూటిగా ముందుకి, అంటే పన్నెండు గంటల వైపు పడితే అదే అత్యుత్తమం, పక్కకి వాలేకొద్దీ మార్కులు తగ్గుతాయి. దుంగ ఎవరివల్లా పల్టీ కొట్టకపోతే రంపంతో కొంచెం కోసి మళ్లీ ఇవ్వడం పాత పద్ధతి.

మిగతావి దూరం, ఎత్తు పోటీలే: రాయి విసరడం, 16, 22 పౌండ్ల సుత్తులు, దూరానికి 28, 56 పౌండ్ల బరువులు, ఆ 56 పౌండ్లదే, అంటే పాతిక కిలోల పైమాట, ఒంటిచేత్తో తల మీదుగా అడ్డకర్ర దాటించడం. సుత్తి విసిరేవాళ్ల బూట్లు దగ్గర్నుంచి చూడండి, వేళ్ల ముందు పొడుచుకొచ్చిన ఇనుప బ్లేడ్లు ఉంటాయి. వాటిని నేలలోకి దిగేసి, మైదానానికి వీపు పెట్టి, పాదం కదపకుండా సుత్తిని తల చుట్టూ తిప్పి వెనక్కి వదులుతారు. ఒలింపిక్స్‌లోలాగా గిరగిర తిరగడం ఉండదు.

మీరు దిగొచ్చు, కులగోత్రాలు ఎవరూ అడగరు. కానీ ఎత్తే బలం వేరు, విసిరే ఒడుపు వేరు, నేరుగా మైదానంలోకి దిగితే నడుం పట్టేస్తుంది. గేమ్స్ రోజున విసిరేవాళ్లతో మాట కలపండి, ఎక్కడ సాధన చేస్తున్నారో అడగండి, వాళ్లు చాలా మంచివాళ్లు, సంతోషంగా చెబుతారు. బరువుల పోటీకి కిల్ట్, అంటే మోకాళ్ల దాకా ఉండే గళ్ల లంగా లాంటి స్కాటిష్ మగవాళ్ల దుస్తు, తప్పనిసరి. ఒక్క జాగ్రత్త మాత్రం గట్టిగా చెబుతున్నాను: చాలా పోటీల్లో గెలిచినవాళ్లకి నగదు ఇస్తారు, స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లు ప్రొఫెషనల్ క్రీడాకారుడిగా పని చేయకూడదని నిబంధన ఉంది. పేరు ఇచ్చేముందే యూనివర్సిటీలో వీసా సలహాదారుణ్ణి అడిగి తేల్చుకోండి. ఆ టెన్షన్ తీరాకే దిగండి.

మీలాంటివాళ్లు అబోయిన్ వైపు డీ నది ఒడ్డున ఉన్న పొటార్క్ ఊరికి కూడా వెళ్లాలి. 1860లో డొనాల్డ్ డిన్నీ అనే మల్లుడు రెండు చేతులతో రెండు రాళ్లు పట్టుకుని అక్కడి వంతెన వెడల్పున ఈ అంచు నుంచి ఆ అంచుకి మోశాడని చెబుతారు. రెండూ కలిపి 332 కిలోలు. ఆ రాళ్లు ఇప్పటికీ ఆ ఊళ్లోనే ఉన్నాయి.

ప్రశ్న: మా పాపకి ఎనిమిదేళ్లు, కూచిపూడి నేర్చుకుంటోంది. స్కూల్లో స్నేహితురాళ్లని చూసి హైలాండ్ డాన్స్ కూడా కావాలంటోంది. రెండూ కుదురుతాయా?
– ఒక తల్లి, ఎడిన్‌బరా

జవాబు: కుదురుతాయమ్మా, కాకపోతే కాళ్లకి పడే పని పూర్తిగా వేరు. కూచిపూడిలో అరమండిలో కూర్చుని పాదం నేలకి కొడుతుంది కదా, ఇక్కడ మోకాళ్లు నిటారుగా పెట్టి మునివేళ్ల మీద గెంతుతూనే ఉండాలి. పిక్కలు, ముంగాళ్లు నొప్పి పుడతాయి, మొదటి నెలల్లో రెండు క్లాసులూ ఒకే రోజు పెట్టకండి. హైలాండ్ ఫ్లింగ్ ఉన్నచోటే ఆడే నృత్యం. కత్తుల నృత్యంలో నేలమీద అడ్డంగా పెట్టిన రెండు కత్తుల మధ్య ఆడాలి, కాలు తగిలి కత్తి జరిగిందంటే పోటీలోంచి అవుటే, పెద్ద పిల్లలు కూడా అక్కడ ఏడ్చేస్తారు. ఆగస్టు చివర్లో డునూన్‌లో కోవల్ గేదరింగ్ జరుగుతుంది, ప్రపంచ హైలాండ్ డాన్స్ పోటీలు అక్కడే. గూరాక్ నుంచి ఫెర్రీలో వెళ్లొచ్చు. క్లాసులో చేర్చేముందే పాపని తీసుకెళ్లి చూపించండి, తన ఈడు పిల్లల్ని చూశాక కూడా కావాలంటే అప్పుడు చేర్చండి.

ప్రశ్న: నాకు బరువులూ రావు, డాన్సూ రాదు. ఊరికే చూసి రావాల్సిందేనా? కిల్ట్ వేసుకుంటే అక్కడివాళ్లు ఏమైనా అనుకుంటారా?
– ఒక పాఠకుడు, డండీ

జవాబు: పరుగెత్తండి! గడ్డి మీద 90 మీటర్ల నుంచి మైలు దాకా పందేలుంటాయి, చాలావాటిలో పాత రికార్డుని బట్టి ఒక్కొక్కరినీ ఒక్కో చోటు నుంచి మొదలుపెట్టిస్తారు, వేగమైనవాడు వెనక, నెమ్మదైనవాడు ముందు. కొన్ని ఊళ్లలో కొండెక్కి దిగే పందెం కూడా ఉంటుంది. చిన్న గేమ్స్‌లో కొన్నిటికి ఆ రోజే పేరు ఇవ్వొచ్చు, నిర్వాహకుల డేరా దగ్గర అడగండి.

కిల్ట్ నిరభ్యంతరంగా వేసుకోండి, శుభ్రంగా, సరిగ్గా వేసుకుంటే వాళ్లు సంతోషిస్తారు. వంశానికో టార్టన్, అంటే గళ్ల నమూనా, ఉంటుంది గానీ బ్లాక్ వాచ్ లాంటి నమూనాలు ఎవరైనా వేసుకునేవే. కిల్ట్‌ని మాత్రం దయచేసి వేళాకోళం చేయకండి. రాజు మీద తిరగబడిన హైలాండ్ సేనలు ఓడిపోయిన కలోడెన్ యుద్ధం తర్వాత 1746లో తెచ్చిన చట్టంతో సైన్యంలో లేని మగవాళ్లెవరూ హైలాండ్ దుస్తులు వేసుకోవడానికి వీల్లేకుండా పోయింది, 1782 దాకా అది రద్దు కాలేదు.

ప్రశ్న: మేం కాలిఫోర్నియాలో ఉంటాం. నాకు నలభై దాటాయి, జిమ్‌కి వెళ్తుంటాను. ఆడవాళ్లకి కూడా ఈ పోటీలు ఉంటాయా?
– ఒక పాఠకురాలు, ప్లెజంటన్

జవాబు: మీ ఊళ్లోనే ఉన్నాయి! సెప్టెంబర్ మొదట్లో వచ్చే లేబర్ డే సెలవు వారాంతంలో మీ ఫెయిర్‌గ్రౌండ్స్‌లో జరిగే స్కాటిష్ గేమ్స్ 1866 నాటి శాన్‌ఫ్రాన్సిస్కో కాలిడోనియన్ క్లబ్‌వి. అమెరికాలో ఆడవాళ్లకీ, కొత్తవాళ్లకీ, నలభై దాటినవాళ్లకీ వేరువేరు విభాగాలు పెడతారు. ఆడవాళ్ల బరువులు 14, 28 పౌండ్లు, సుత్తులు 12, 16 పౌండ్లు. అక్కడ గడ్డి కుక్కిన గోనెమూటని పంగలకర్రతో అడ్డకర్ర మీదుగా ఎగరేసే పోటీ కూడా ఉంటుంది, కొత్తవాళ్లకి త్వరగా పట్టుబడేది అదేనని నా అభిప్రాయం. ఈ ఏడాది చూసి రండి, వచ్చే వసంతంలోనే ఏదైనా చిన్న గేమ్స్‌లో కొత్తవాళ్ల విభాగానికి పేరు పంపండి, ఆలస్యమైతే చోటు ఉండదు.